వేరు బల్ల



ఈ శక్తినగరమున ఒక బాలుని మోచేతులపై ఎఱ్ఱని పొలుసులను గాంచి, అంటువ్యాధి యని తలచి, మేమతనిని వేరు బల్లపై కూర్చుండబెట్టితిమి. అది సోరియాసిస్ అనియు, అంటునది కాదనియు పిదప వైద్యులు తెలిపిరి. మా యజ్ఞానమునకు సిగ్గుపడితిమి.

కణముల ఉపరితలమున గ్రాహకములను మాంసకృత్తులు కలవు. అవి బయటి వార్తల నందుకొను చేతుల వంటివి. ఆరోగ్యముగల చర్మపు పైపొర కణములపై ఐకామ్-1 అను మాంసకృత్తి దాదాపుగా కానరాదు. వాపు కలిగినపుడు ఇంటర్‌ఫెరాన్-గామా అను వార్త గ్రాహకములకు చేరును. అంతట ఆ కణములు ఐకామ్-1ను విరివిగా ధరించును. తెల్లరక్తకణములు దానిని పట్టుకొని నిలుచును, వాపు పెరుగును. సోరియాసిస్‌న ఈ కలహము దేహము తనలో తాను పెట్టుకొన్నదే. తాకినవారికి సోకదు.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో అమినోప్టెరిన్ అను ఔషధము రూపొందెను. అది ఈ వ్యాధిని తగ్గించుట 1951లో వెల్లడియైనది. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేట్‌ను వైద్యులు నేటికిని వాడుచున్నారు.

చిరంజీవులారా, ఆ వేరు బల్లను మేము తీసివేసితిమి. మీ ప్రక్కన చోటు మీరే ఈయవలెను.