చెరనుండి వచ్చినవానికి పూచీ ఎవరు?

(శత వార్షికోత్సవముల సందర్భముగా జరిగిన సంఘ పెద్దల సదస్సులో చేసిన ప్రసంగము)



నూరు సంవత్సరములుగా దేవుడు మనకు చేసిన మేలులను తలంచుకొనుటకు మనము కూడివచ్చాము. మన పెద్దలు తెరచిన బడులను గూర్చి, ఆసుపత్రులను గూర్చి, కాలినడకన తిరిగిన ఉపదేశకులను గూర్చి ఈ రెండు దినములు విన్నాము. నాకు అప్పగించిన అంశము "సంఘము - సమాజ సేవ". అది చాల పెద్దది. అందులో ఒక్క సంగతిని మాత్రమే తీసుకొంటాను. జైలుశిక్ష ముగించుకొని ఇంటికి వచ్చిన మనిషికి పని ఎట్లు దొరుకుతుంది? అందులో సంఘము పాలు ఏమిటి? ఈ సంగతిని నేను బోధించువానిగా గాక, తప్పిపోయినవానిగా మొదలుపెట్టవలసి ఉన్నది.

సుమారు పదిహేనేళ్ల క్రిందట, వేదాంత కళాశాల చదువు ముగించి వచ్చిన కొద్దికాలమునకే, నేనొక పల్లె పాస్టరేటులో ఉన్నాను. ఆ సంఘములో పుట్టి పెరిగిన యువకుడొకడు పొలముగట్టు తగాదాలో కర్రతో కొట్టిన దెబ్బకు ఎదుటివాడు మరణించాడు. ఇతడు రాజమండ్రి సెంట్రల్ జైలులో ఏడేళ్లు శిక్ష అనుభవించి, అక్కడ వడ్రంగము నేర్చుకొని తిరిగి వచ్చాడు. మొదటి ఆదివారము వెనుక బల్లమీద కూర్చున్నాడు. రెండు నెలలు విచారించి, అతని పశ్చాత్తాపము నిజమైనదని ఎరిగి, నేనే అతనికి ప్రభు సంస్కారము ఇచ్చాను.

ఆ ఏడాదే మన హాస్టలు కాపలాదారు పని ఖాళీ అయినది. అతడు అర్జీ పెట్టుకొన్నాడు. కమిటీ కూర్చున్నది. "పిల్లలున్న చోట హత్య కేసువాడినా?" అని ఒక పెద్ద అన్నాడు. మరి ఎవరూ మాటలాడలేదు. నేనూ మాటలాడలేదు. అర్జీ పక్కన పెట్టి తరువాతి అంశములోనికి పోయాము. మరునాడు సాయంకాలము అతడు మా ఇంటి అరుగు దగ్గర నిలబడి, కోపము లేకుండా ఒక మాట అన్నాడు. "అయ్యగారండీ, బల్ల దగ్గర నాకు రొట్టె ఇచ్చారు. పని కాడికి వచ్చేసరికి మీరు కూడా నోరు విప్పలేదంట కదండీ."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కమిటీవారి భయము పూర్తిగా తప్పని నేను ఇప్పటికీ అనను. పిల్లల క్షేమము చూడవలసినదే. అయితే అతని నేరమేమి, ఆ పని ఏమి, ఆ పని గాక మరియొకటి ఇవ్వగలమా అని మేము ఒక్క ప్రశ్న అయినా వేసుకొనలేదు. అదే మా తప్పు.

జైలునుండి విడుదలైనవాని సంగతి మనలో చాలామందికి తెలియదు. అతనికి ఒక విడుదల కాగితము, లోనికి పోయిననాడు అప్పగించిన గుడ్డలు, చేసిన పనికి కూడబెట్టిన కొద్ది కూలి, దారిఖర్చు చేతికి వస్తాయి. గేటు దాటిన తరువాత ఒక్కొక్క తలుపు మూసి ఉండుట చూస్తాడు. ప్రభుత్వ ఉద్యోగమునకు పోలీసు విచారణ ఉన్నది. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీలలో గార్డుగా చేరుదమంటే, శిక్షపడినవానిని తీసుకొనరాదని 2005 నాటి చట్టమే చెప్పుచున్నది. మన గోదావరి జిల్లాలవారివలె గల్ఫుకు పోదమంటే పోలీసు క్లియరెన్సు కావలెను. అంతేగాక, నీతిబాహ్యమైన నేరమునకు రెండేళ్లు, లేక అంతకు మించి శిక్షపడి, ఐదేళ్లు గడువనివానికి పాస్‌పోర్టు నిరాకరించవచ్చునని 1967 చట్టములో ఉన్నది. కంపెనీలవారు పూర్వోత్తరములు విచారించనిదే చేర్చుకొనరు. ఇక మిగిలినది ఊరిలో కూలిపని. అక్కడ కాగితము అడుగువారు లేరు గాని, ఊరి నోరే కాగితము.

ఇంగ్లండులో 1974లో ఒక చట్టము వచ్చినది. శిక్ష తరువాత నిర్ణీత కాలము మరల నేరము చేయక బ్రదికినవాడు, చాల ఉద్యోగములకు ఆ పాత శిక్షను చెప్పనవసరము లేదు. మన దేశములో పెద్దవారి విషయములో అట్టి సాధారణ చట్టము లేదు. ఇంకొక సంగతి కూడ గమనించవలెను. 2022 సంవత్సరపు జాతీయ లెక్కల ప్రకారము మన జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకను శిక్షపడనివారు, విచారణలో ఉన్నవారు. వారిలో నిర్దోషిగా బయటికి వచ్చినవాడు కూడ "జైలుకు పోయి వచ్చినవాడు" అనే పేరుతోనే ఊరిలోనికి వస్తాడు.

ఈ విషయములో వాక్యము ఏమి చెప్పుచున్నది? ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయములో పౌలు దొంగిలువానికి బుద్ధి చెప్పునప్పుడు, దొంగతనము మానుమని మాత్రము చెప్పి ఊరకుండలేదు. చేతులతో పనిచేయవలెనని, అక్కరలో ఉన్నవానికి పంచిపెట్టగలిగినవాడు కావలెనని చెప్పాడు. అనగా మారుమనస్సు పని దగ్గరకు వచ్చినప్పుడే పూర్తియగుచున్నది. అయితే పనిచేయుమని చెప్పిన సంఘమే పని ఇవ్వకపోతే, ఆ ఆజ్ఞను అతడు ఎక్కడ నెరవేర్చవలెను?

రెండవది ఫిలేమోను పత్రిక. ఇరువదియైదు వచనముల చిన్న ఉత్తరము. యజమానుని విడిచిపోయిన ఒనేసిము అను దాసుని పౌలు తిరిగి పంపుచున్నాడు. ఉత్తరము వ్రాసినవాడు కూడ ఖైదీయేనని మరువరాదు. ఒనేసిమువలన నష్టము కలిగినయెడల ఆ బాకీని తన పేర వేసికొమ్మని పౌలు వ్రాసి, తానే తీర్చెదనని తన చేతితో సంతకము చేశాడు. మన భాషలో చెప్పవలెనంటే పూచీకత్తు ఇచ్చాడు.

అదే ఒనేసిము పేరు కొలొస్సయుల పత్రిక చివరి అధ్యాయములో కూడ వస్తుంది. అక్కడ సంఘమంతటికి అతనిని నమ్మకమైన సహోదరుడని, మీలో ఒకడని పరిచయము చేశాడు. పాత తప్పు ఊసే లేదు. ఆ రెండు ఉత్తరములను పక్కపక్కన పెట్టి చదవండి. తెలిసికొను హక్కు ఉన్న యజమానునికి పౌలు బాకీ సంగతి దాచలేదు. హక్కు లేనివారి ఎదుట దానిని చాటలేదు. మనము దీనికి తలక్రిందులుగా చేయుచున్నాము. ఊరంతా చెప్పుకొంటాము. పని ఇచ్చువాని దగ్గరకు వచ్చి అతని పక్షముగా నిలబడము.

మన తెలుగు దేశపు సంఘ చరిత్రలో కూడ ఈ విషయమై ఒక పాఠమున్నది. 1871లో బ్రిటిషు ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టము చేసినది. 1911 నాటి చట్టముతో అది మద్రాసు రాజధానికి వచ్చి, ఎరుకల మొదలైన జాతులవారిపై పడినది. ఏ నేరము చేయని బిడ్డ కూడ పుట్టుకతోనే రికార్డులోనికి ఎక్కినట్లాయెను. అప్పుడు బాపట్ల దగ్గర స్టూవర్టుపురములో సాల్వేషన్ ఆర్మీవారు, కావలిలో అమెరికను బాప్టిస్టు మిషనువారు సెటిల్మెంట్లు నడిపారు. భూమి, పని, బడి ఇచ్చారు. అది మేలే. కాని హాజరు పలుకవలెను, అనుమతి లేక కదలరాదు అను కట్టడి కూడ అక్కడే ఉన్నది. పని ఇచ్చిన చేయియే కావలి కూడ కాచినది. 1952లో ఆ చట్టము రద్దయినది గాని ఊరి పేరుకు అంటిన మచ్చ పోలేదు. 1970ల దశకములో ఆ ఊరికి పోయి అక్కడివారితో కలిసి పనిచేసిన లవణం గారు, హేమలతా లవణం గారు నాస్తికులు. హేమలత గారు మన గుర్రం జాషువా కవిగారి కుమార్తె. ఈ మాట ఎవరినీ చిన్నబుచ్చుటకు చెప్పుట లేదు. పని మాత్రమే ఇచ్చి నమ్మిక ఇవ్వకపోతే, ఇచ్చినది సగమేనని చెప్పుటకు.

ఈనాడు ప్రభుత్వము చేయుచున్నది కూడ కొంత ఉన్నది. తెలంగాణ కారాగార శాఖవారు పెట్రోలు బంకులు నడుపుచు, ఖైదీలకు, విడుదలైనవారికి అక్కడ పని ఇచ్చుచున్నారు. డబ్బు చేతులు మారుచోటనే వారిని నిలబెట్టారు. జైలు అధికారులు చేయగలిగిన నమ్మిక సంఘ పెద్దలు చేయలేరా?

ఇక మనము చేయదగిన కొన్ని సంగతులు మనవి చేస్తాను.

మొదటిది, విడుదలకు ఆరు నెలల ముందే పాస్టరు గాని, ఒక పెద్ద గాని జైలుకు వెళ్లి అతనిని కలిసికొనవలెను. ఏ పని నేర్చినాడో, ఇల్లు ఉన్నదో లేదో, అప్పులెన్నో తెలిసికొనవలెను. గేటు బయటికి వచ్చిన తరువాత ఆలోచించుట ఆలస్యమే.

రెండవది, మనము ఇచ్చు ఉత్తరములో అబద్ధముండరాదు. "చిన్ననాటినుండి ఎరుగుదును, మంచివాడు" అని వ్రాసి ఏడేళ్లు మింగివేసిన ఉత్తరము అతనికి కీడే చేస్తుంది. ఉద్యోగమునకు ముందు జరుగు విచారణలో శిక్షను గాని, కేసును గాని దాచుట ఎంత చేటో 2016లో సుప్రీంకోర్టు వివరముగా చెప్పినది. నిజము చెప్పినవానిని కూడ తప్పక తీసికొనవలెనని కోర్టు అనలేదు. అందుకే నిజము చెప్పు ఉత్తరము క్రింద పూచీ సంతకము కూడ ఉండవలెను. పాస్టరు ఒక్కడే గాక మరి ఇద్దరు పెద్దలు చేయవలెను.

మూడవది, మన బడులు, ఆసుపత్రులు, హాస్టళ్లు, తోటలలో పనులు ఖాళీ అయినప్పుడు అర్జీని పక్కన పెట్టక, నేరమును పనిని ఎదురెదురుగా పెట్టి చూడవలెను. పిల్లలమీద నేరము చేసినవానిని పిల్లల దరిదాపులకు ఏనాడూ రానీయరాదు. డబ్బు కాజేసినవానికి కానుకల పెట్టె అప్పగించరాదు. ఇది కాఠిన్యము కాదు, కాపరితనము. కాని పొలము తగాదాలో శిక్షపడిన వడ్రంగిచేత బడి బల్లలు చేయించుటకు అడ్డేమిటి?

నాలుగవది, చట్టములో ఉన్న మేలు తెలిసికొనవలెను. 1958 ప్రొబేషన్ చట్టము క్రింద మంచి నడవడి షరతుపై గాని, మందలింపుతో గాని విడిచిపెట్టబడినవానికి ఆ నేరస్థాపన వలన అనర్హత కలుగదు. 2015 బాలల న్యాయ చట్టము కూడ, తీవ్రమైన కొన్ని సందర్భములు తప్ప, బాల్యములో చేసిన తప్పు వలన అనర్హత లేదంటున్నది. ఇది తెలియక దరఖాస్తే పెట్టని యువకులుందురు. మన సంఘములలోని వకీళ్లు నెలకొక్క సాయంత్రము దీనికి ఇవ్వగలరు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలోనూ సలహా దొరుకుతుంది.

అయిదవది, నష్టపోయిన కుటుంబమును మరువరాదు. నేరస్థుని ఇంటికి పోయి, చనిపోయినవాని ఇంటికి పోని కాపరి సగము కాపరియే.

ఆ వడ్రంగి సంగతి ముగించి నా మాటలు చాలిస్తాను. అరుగు దగ్గర ఆ మాట విన్న వారము తరువాత, నేను మొదట పక్క ఊరిలో ఉన్న చనిపోయినవాని తల్లి దగ్గరకు వెళ్లాను. ఆమె చాలసేపు మాటలాడలేదు. చివరకు, "క్షమించానని అబద్ధమాడలేను బాబూ. వాడి పిల్లలు పస్తులుండాలని మాత్రం నేను కోరను" అన్నది. ఆమె అంతకంటె ఎక్కువ ఇవ్వవలెనని అడుగు హక్కు నాకు లేదు.

తరువాత ఇండ్లు కట్టించు మేస్త్రి అయిన ఒక సంఘ పెద్దను అడిగాను. "ఏదైనా పోతే ఎవరిదండీ పూచీ?" అన్నాడు. పదివేల రూపాయలవరకు నా జీతములోనుండి ఇస్తానని కాగితము వ్రాసి సంతకము చేశాను. నాలుగు నెలలకు పనిచోటున ఒక డ్రిల్లింగు మిషను కనబడకుండా పోయినది. అందరి చూపు అతనిమీదనే పడినది. దేవుని యెదుట ఒప్పుకొంటున్నాను, నా చూపు కూడ. రెండు దినములకు అది వేరొక కట్టడము దగ్గర సిమెంటు బస్తాల క్రింద దొరికినది. మేస్త్రి అందరి ముందు అతనిని క్షమాపణ అడిగాడు. నేను అతని ఇంటికి వెళ్లి అడిగాను.

ఇప్పుడతడు స్వంతముగా పని పట్టి, మరి ఇద్దరికి పని నేర్పుచున్నాడు. స్వంత ఊరిలో ఇప్పటికీ అతనికి ఇల్లు అద్దెకిచ్చువారు లేరు. పొరుగూరిలో ఉంటున్నాడు. కాబట్టి ఇది జయగాథ అని చెప్పలేను. ఒక సంతకము చేయగలిగినంత మేలు చేసినది, అంతే.

ప్రియులారా, మన నూరేళ్ల రికార్డులో ఎన్నెన్ని తప్పులున్నవో మనకు తెలియును. వాటికి పూచీపడినవాడు మన పక్షముగా సంతకము చేసినందుననే మనమీ దినము పండుగ చేసికొనుచున్నాము. ఈ పండుగ ముగియకముందే, మీ మీ సంఘములలో జైలునుండి వచ్చినవాడు, రాబోవువాడు ఎవడున్నాడో చూడండి. ఇంటికి వెళ్లి అతని పేరు వ్రాసికొనండి. దాని క్రింద మీ పేరు కూడ వ్రాయగలరా అని ప్రార్థించండి.

ప్రభువు మనకు అట్టి ధైర్యము అనుగ్రహించును గాక. ఆమేన్.