కాటివఱకు తోడు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘ వేదికపై హరిశ్చంద్ర నాటకములోని కాటి సీను ఆడినప్పుడెల్ల ఈ హాలు నిండిపోవుట మీరెఱుగుదురు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి నాటకములో జాషువాగారి శ్మశాన పద్యములను నటులు చేర్చి పాడుటయు, మనము “వన్స్ మోర్” అని కేకలు వేయుటయు ఏనాటినుండియో వచ్చుచున్న ఆచారము. కాటిని గూర్చిన పద్యములను ఇంత ప్రీతితో వినెడి మనము, మన యింట ఒకరు కన్నుమూసిననాడు ఏమి చేయవలెనో మాత్రము ఎన్నడును ముచ్చటించుకొనము. అశుభమని నోరు మూసికొందుము. ఆ మౌనమువలన నేను పడిన చిక్కును చెప్పి, ఒక చిన్న ప్రార్థన చేయుటకు కార్యదర్శిగారినడిగి ఈ పదిహేను నిమిషములు తీసికొన్నాను. పండుగవంటి నాడు ఈ మాటలేమిటని పెద్దలు కోపగింపకుందురు గాక.

నాలుగేండ్ల క్రిందట మా నాన్నగారు గోదావరి సీమలోని మా ఊరినుండి వచ్చి ఢిల్లీలో మా క్వార్టరులో ఉండిరి. బడిలో సైన్సు చెప్పి రిటైరైనవారు, గుండెజబ్బు కలదు. ఒకనాటి సాయంకాలము కాఫీ త్రాగుచు, “ఒరే అబ్బాయీ, రేపు నాకేదైనా అయితే...” అని మొదలుపెట్టిరి. “ఇప్పుడా మాటలెందుకండీ నాన్నగారూ, శుభం పలకండి” అని నేను త్రుంచివేసితిని. ఆయన నవ్వి పత్రిక చేతికి తీసికొనిరి. పదిహేను దినములు గడవకమునుపే, పుష్యమాసపు చలిలో, రాత్రి రెండు గంటలవేళ నిద్రలోనే పోయిరి.

సచివాలయములో ఇరువదేండ్లు ఫైళ్లు నడిపినవాడను. ఏ కాగితము ఏ గదికి పోవలెనో నిద్ర లేపి అడిగినను చెప్పగలను. ఆ రాత్రి మాత్రము ఏమియు తోచలేదు. ఊపిరి లేదని తెలిసియు ఆశ విడువలేక, కారులో వేసికొని ఒక ఆసుపత్రికి పరుగెత్తితిని. తీసికొని వచ్చునప్పటికే ప్రాణము లేదని వారు వ్రాసికొనిరి. అట్టి సందర్భములలో పోలీసువారికి తెలుపుట, అవసరమని తోచినచో శవపరీక్ష జరిపించుట పద్ధతి. అది వారి తప్పు కాదు. నాన్నగారికి వైద్యము చేయుచున్న డాక్టరుగారి ఫోను నంబరుగాని, పాత మందుల చీటీలుగాని నా చేత లేకపోవుట నా తప్పు. చీటీలు వచ్చి, మాటలు తెమిలి, శవపరీక్ష లేకయే దేహమును మాకప్పగించునప్పటికి ఉదయము పది గంటలైనది. ఆ ఎనిమిది గంటలును మా అమ్మగారు ఆయన శాలువ ఒడిలో పెట్టుకొని గుమ్మములోనే కూర్చుండిరట.

ఇంతలో ఫోన్లు. ఊరికి తీసికొని రమ్మని పినతండ్రిగారు, గోదావరి ఒడ్డుననే కావలెనని మేనమామగారు. విమానములో పంపవలెనన్నచో మరణమును ధ్రువపఱచు కాగితము, పోలీసువారి అభ్యంతరము లేదను పత్రము, దేహము చెడకుండ మందులెక్కించిన సర్టిఫికెట్టు, పెట్టె, ఇవన్నియు సమకూడవలెను. నేను ఎటును తేల్చుకొనలేక నిలువబడితిని. అప్పుడు మా అమ్మగారు తలయెత్తి, “ఇక్కడే కానిమ్మన్నార్రా. ఆ రోజు నీతో చెప్పబోతే నువ్వు చెప్పనివ్వలేదుట” అనిరి. ఆ మాట నేటికిని నా చెవిలోనే ఉన్నది.

ఆపైని పని నేను చేసినది కాదు. క్రింది వాటాలోని పంజాబీ పెద్దమనిషి శవవాహనమును పిలిపించిరి. ఎదురింటి బెంగాలీ అమ్మగారు మా పిల్లలను తమ యింటికి తీసికొనిపోయి అన్నము పెట్టిరి. మా సెక్షనులోని తమిళ మిత్రుడొకడు, మా బ్లాకునకు క్రొత్తగా వచ్చిన శ్రీకాకుళపు కుఱ్ఱవాడొకడు వెదురు, కుండ, నువ్వులు, దర్భలు అన్నియు తెచ్చిరి. ఆ కుఱ్ఱవాని పేరు అప్పటిదాక నాకు తెలియదు.

నిగంబోధ ఘాటునకు పోవుచుండగా అతడే డ్రైవరుతో చెప్పి వాహనమును దారి ప్రక్కన ఆపించెను. “దింపుడు కళ్లం అండి. మూడుమార్లు పిలవాలి” అని నా భుజముపై చేయి వైచెను. రింగురోడ్డుపై లారీలు హోరెత్తుచుండగా ఆయన చెవియొద్ద వంగి “నాన్నగారూ” అని ముమ్మారు పిలిచితిని. పలుకరని తెలిసియు ఎందుకు పిలిపింతురో ఆ క్షణమున నాకర్థమైనది. ఆ పిలుపుతో గాని పోయినారని మనసు ఒప్పుకొనదు.

ఘాటులో కట్టెలును కలవు, గ్యాసు కొలిమియును కలదు. కట్టెలైనచో నాలుగైదు క్వింటాళ్లు కావలెను; అస్థులకు మరునాడో మూడవనాడో మరల పోవలెను. గ్యాసు కొలిమిలో ఒకటి రెండు గంటలలో ముగియును. అస్థులు ఆనాడే చేతికి వచ్చును. “బడిలో ఒక్క చెట్టు కొట్టనిచ్చేవారు కాదు” అని అమ్మగారు బయలుదేఱునప్పుడే చెప్పియుండుటచే రెండవదే కానిచ్చితిమి. కుండతో ముమ్మారు తిరుగుట మొదలగునవి యథావిధిగా జరిగినవి. ఏ పద్ధతియైనను లోపము లేదు. అది ఆ యింటివారి ఇష్టము. అస్థులను పిమ్మట రాజమహేంద్రవరము తీసికొనిపోయి గోదావరిలో కలిపితిమి.

మఱియొక పొరపాటు కూడ జరిగినది. రిజిస్టరులో వ్రాయుటకు పేరు అడిగినప్పుడు మన అలవాటు చొప్పున ఇంటిపేరు ముందు చెప్పితిని. ఈ ప్రాంతములో ఇంటిపేరు చివర వచ్చును గదా! గుమాస్తా విన్నది విన్నట్లు వ్రాసికొనెను. మరణ ధ్రువపత్రములో నాన్నగారి పేరొకటి, పింఛను కాగితములలో మఱియొకటి అయినది. దానిని సరిదిద్దించి అమ్మగారికి కుటుంబ పింఛను వచ్చునప్పటికి ఏడు నెలలు పట్టినది. నోటితో చెప్పక ఆధారు కార్డు ప్రతిని చేతికిచ్చియున్నచో ఏ చిక్కును లేకపోయెడిది. 1969 నాటి జనన మరణముల రిజిస్ట్రేషను చట్టము ప్రకారము మరణమును 21 దినములలో నమోదు చేయింపవలెను. ఆసుపత్రిలో జరిగినచో వారే తెలుపుదురు. ఇంటిలో జరిగినచో ఇంటి పెద్ద తెలుపవలెను. గడువు దాటినచో రుసుము, అనుమతి. సంవత్సరము దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువు కావలసియుండును.

సోదరులారా! నాన్నగారిని మోసిన నలుగురిలో తెలుగువాడొక్కడు. తక్కిన మువ్వురకును నేను జన్మాంతము ఋణపడియున్నాను. కాని మన సంఘములో ఇందఱము ఉండి, వార్త మీలో ఒక్కరికైనను మూడవనాటిదాక తెలియలేదు. మీరు రాలేదని నేననుటలేదు. ఎవరికి చెప్పవలెనో నాకు తెలియలేదు. ఊరిలో ఒక యింట ఏడ్పు వినిపించినచో పిలువకయే వీధియంతయు వచ్చును. ఒకరు పాడె కట్టుదురు, ఒకరు కబురు పంపుదురు, పొయ్యి వెలుగని యింటికి ఒకరు అన్నము తెత్తురు. కొడుకు చేయవలసినది తండ్రికి నిప్పు పెట్టుటయే. ఇక్కడ ఆ వీధి మనకు లేదు. 2021 ఏప్రిల్, మే మాసములలో ఈ నగరములో కాటియొద్ద గంటలకొలది వేచియుండినవారెందఱో. బంధువులు రాలేని ఆ దినములలో ఇరుగుపొరుగువారే బంధువులైరి. ఆ కష్టకాలము నేర్పిన పాఠమును మఱవరాదు.

కనుక నా ప్రార్థన ఇది. ఒక్కొక్క కాలనీకి ఇద్దఱు చొప్పున, అర్ధరాత్రి ఫోను చేసినను పలుకువారి పేర్లతో మన సంఘము ఒక పట్టిక వేయవలెను. ఇంటికి వచ్చి చూడగల డాక్టరు, తెలుగు పద్ధతి తెలిసిన పురోహితుడు, శవవాహనము, వీరి నంబర్లు అందులో ఉండవలెను. మనలో ఖననము ఆచారముగా గలవారు, ఇతర మతములవారు కలరు. వారికి కావలసినదియు వారినడిగి చేర్పవలెను. ఆ కాగితము ప్రతి యింట గోడకు వ్రేలాడవలెను. కబురందిన వెంటనే పోయినవారు దుఃఖములో నున్నవారిని ప్రశ్నలతో వేధింపక, కలము, కాగితములు తమ చేతికి తీసికొనవలెను. ఒక్కరు మాత్రము ఇంటిలోని తల్లి ప్రక్కను కదలక కూర్చుండవలెను.

ఇక మీ యింటి పెద్దలు ఏ సాయంకాలమో “నాకేదైనా అయితే” అని మాట ప్రారంభించినచో, దయచేసి నావలె త్రుంచివేయకుడు. కాఫీ చల్లారినను సరే, చివరిదాక వినుడు. వారు మనకు అప్పగించు కడపటి బాధ్యత అది. దానిని వినుటకంటె శుభము మఱియొకటి లేదు.

ఆ శ్రీకాకుళపు కుఱ్ఱవాడు ఈనాడు ఈ సభలో చివరి వరుసలో కూర్చుండియున్నాడు. పేరు చెప్పవలదన్నాడు. పట్టికలో మా కాలనీకి మొదటి పేరు అతనిది, రెండవది నాది. తక్కినవి మీరు వ్రాయుదురు గాక.