అవసరము తీరిన పిదప
(బొగ్గుగనుల సీమలోని యొక పఠనమందిరమున గావింపబడిన ఉపన్యాసము)



యుద్ధము పురుషుని రణరంగమునకు బిలుచును. స్త్రీని కార్ఖానాకును కచేరికిని బిలుచును. యుద్ధము ముగియగానే సైనికుడు మరలివచ్చును. స్త్రీని ఇంటికి బొమ్మందురు. బ్రిటనులో 1919 నాటి శాసనము కార్ఖానాలలో యుద్ధమునకు మునుపటి పద్ధతులను పునరుద్ధరించి యీ పనినే చేసినది. అమెరికాలో 1944 నాటి శాసనము ప్రభుత్వోద్యోగములలో మాజీ సైనికులకు ప్రాధాన్య మొసగినది.

గోదావరీతీరమున గూర్చుండి పరదేశముల ముచ్చట యేల యందురా? బొగ్గుగనుల కథయు నిట్టిదే. బ్రిటిష్ ఇండియాలో స్త్రీలు భూగర్భమున బనిచేయుట 1937 అక్టోబరు 1 నుండి నిషిద్ధమయ్యెను. 1935లో జెనీవాయందు జరిగిన అంతర్జాతీయ ఒడంబడిక దానికి బలము. చీకటిలో, వేడిమిలో బొగ్గుతట్టలు మోయు తల్లుల ఆరోగ్యమును గాచుటయే దాని యుద్దేశము. యుద్ధకాలమున విమానాశ్రయములు, బాటలు నిర్మించుచోట్ల కూలి మెరుగగుటచే కార్మికులు గనులను విడిచిపోయిరి, బొగ్గు చాలదయ్యెను. అంతట 1943లో మధ్యపరగణాలలోను, పిమ్మట వంగ, బీహారు, ఒరిస్సాలలోను నిషేధము సడలింపబడెను. అఖిలభారత మహిళాసభ నిరసించెను. 1944 ఫిబ్రవరిలో కార్మికశాఖ సభ్యులు డాక్టరు అంబేద్కరుగారు కేంద్రశాసనసభలో దీనిని విపత్కాలచర్యగా సమర్థించుచు, స్త్రీపురుషులకు సమానవేతన మొసగుచున్నామనిరి. 1946 ఫిబ్రవరి 1న నిషేధము మరల వచ్చెను.

నిన్న హాని యన్న పని నేడు దేశసేవ యెట్లయ్యెను? అదియే రేపు మరల హాని యెట్లయ్యెను? గనిలోని గాలి మారలేదు, చీకటి తొలగలేదు. మారినది ప్రభుత్వము అవసరమే. స్త్రీని గనినుండి రక్షించుట ధర్మము. కాని రక్షించువాడు ఆమె కోల్పోవు కూలికి మారుగ వేరొక పని చూపవలదా?

సైనికునిపై నాకు ఈసు లేదు. 1979 నాటి నియమములు కేంద్రప్రభుత్వ గ్రూపు సి కొలువులలో నూటికి 10, గ్రూపు డి కొలువులలో 20 మాజీ సైనికులకు గేటాయించినవి. అది తగినదే. అయితే ఆ ఋణము దేశమంతయు తీర్చవలసినది. ఒక్క స్త్రీ కంచములోనుండి తీయదగినది గాదు.

మన సింగరేణి ప్రభుత్వసంస్థ: రాష్ట్రమునకు నూటికి 51, కేంద్రమునకు 49 వాటా. 1952 నాటి గనులచట్టము స్త్రీలను భూగర్భమునకు బోనీయలేదు. 2019లో సాంకేతిక, పర్యవేక్షక, నిర్వాహకోద్యోగములకు మాత్రము, వారి లిఖితసమ్మతితో, ద్వారము తెరువబడినది. 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన శ్రామికస్మృతి, సమ్మతియు రక్షణయు నుండినచో, అన్ని పనులకును స్త్రీ అర్హురాలనినది.

తెరచిన ద్వారము మరల మూయబడకుండుటకు మనము కోరవలసినవి మూడు. ఆపద యొకటి గని అర్హతను నిర్ణయింపరాదు. పని యొకటైనచో వేతన మొకటి గావలయును. యంత్రము వచ్చినను, సైనికుడు వచ్చినను, తొలగింపునకు స్త్రీని ముందు నిలుపక, తొలగించినచో మారుపని చూపవలయును. ఉద్యోగియైన స్త్రీ మన అక్కరకు వచ్చి పోవు అతిథి కాదు; ఈ దేశపు పౌరురాలు.