చంద్రుడి మీద భూమి చరిత్ర

ఎవరి స్మృత్యర్థం ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారు జీవితమంతా భూగర్భశాస్త్రం బోధించారు. అందుకని ఈ పూట చంద్రుణ్ణి రాతిగానే పరిశీలిద్దాం.

పౌర్ణమినాడు మనకు కుందేలులా కనిపించే నల్లటి మచ్చలు లావా మైదానాలు. భారీ శిలలు వచ్చి గుద్దగా ఏర్పడిన పల్లాల్లోకి లోపలి నుంచి బసాల్టు లావా ఉబికి వచ్చి గడ్డకట్టింది. అందులో అధికభాగం 300 కోట్ల ఏళ్లకు పైబడినదే. చుట్టూ తెల్లగా మెరిసే ఎత్తైన నేలలు అంతకన్నా పాతవి. వాటిలో ప్రధానమైనది అనార్థోసైట్ అనే తేలికపాటి రాయి. తొలినాళ్లలో చంద్రుడి పైభాగమంతా కరిగిన శిలాసముద్రమనీ, అందులో తేలికైన ఖనిజాలు పైకి తేలి పెంకు కట్టాయనీ అపోలో యాత్రలు తెచ్చిన రాళ్ల ఆధారంగా శాస్త్రజ్ఞులు ఊహించారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినది దక్షిణాన 69 డిగ్రీల అక్షాంశం దగ్గర, అపోలో యాత్రలు వెళ్లని చోట. దాని ప్రజ్ఞాన్ రోవర్ అక్కడ సుమారు 100 మీటర్లు తిరుగుతూ 23 సార్లు మట్టిని పరీక్షించింది. ఆ మట్టి కూర్పు పాత ఊహను బలపరిచింది. శ్రీహరికోట నుంచి వెళ్లిన యాత్ర సాధించిన విజయాల్లో నా దృష్టిలో ఇదే పెద్దది. దిగడం కన్నా కూడా పెద్దది.

ఇక గుంటలు. చంద్రుణ్ణి గుద్దిన శిలల జాతివే భూమినీ గుద్దాయి. భూమి పెద్దది, దాని ఆకర్షణ ఎక్కువ. కాబట్టి దెబ్బలూ ఎక్కువే తిన్నది. కానీ వానలు, నదులు, కదిలే భూఫలకాలు ఆ గుర్తులను చెరిపేశాయి. మహారాష్ట్రలోని లోణార్ లాంటివి ఏ కొన్నో మిగిలాయి. గాలీ నీరూ లేని చంద్రుడి మీద ఆ రికార్డు చెక్కుచెదరలేదు. మన భూమి బాల్యం ఎంత భయంకరంగా గడిచిందో తెలుసుకోవాలంటే అక్కడ చదవాల్సిందే.

భూమికీ చంద్రుడికీ ఉన్న ఈ బంధం నేటికీ తెగలేదు. కాకినాడ పక్కన కోరంగి మడ అడవుల్లోకి రోజూ పోటు ఎక్కించేది ప్రధానంగా చంద్రుడే. భూమి వేగంగా తిరగడం వల్ల ఆ నీటి ఉబ్బు చంద్రుడికన్నా కాస్త ముందుంటుంది. అది చంద్రుణ్ణి ముందుకు లాగుతుంది. దాంతో చంద్రుడు మెల్లగా దూరమవుతున్నాడు, భూభ్రమణం మందగిస్తోంది. 1969లో అపోలో-11 వ్యోమగాములు అక్కడ ఉంచి వచ్చిన అద్దాల మీదికి లేజర్ కిరణాలు పంపి కొలిస్తే ఆ దూరం ఏటా 3.8 సెంటీమీటర్లు పెరుగుతోందని తేలింది. రోజు పొడవు మారిందనడానికి భూమి మీదే సాక్ష్యం ఉంది. 1963లో జాన్ వెల్స్ అనే శాస్త్రజ్ఞుడు డెవోనియన్ అనే ప్రాచీన యుగపు పగడాల శిలాజాల్లో రోజువారీ పెరుగుదల గీతలు లెక్కపెట్టి, అప్పట్లో ఏడాదికి సుమారు 400 రోజులుండేవని, అంటే రోజు ఇప్పటికన్నా పొట్టిదని చూపించాడు. పగడం మీది సన్నని గీతలో చంద్రుడి లెక్క దొరకడం కన్నా గొప్ప సంగతి మా శాస్త్రంలో నాకు తెలియదు.

ఇక్కడున్న విద్యార్థులకు ఒక మనవి. గుంటలు చూడటానికి పౌర్ణమి పనికిరాదు. ఎండ నిటారుగా పడి నీడలు మాయమవుతాయి. శుద్ధ అష్టమి సాయంత్రం మామూలు బైనాక్యులర్ తీసుకుని, వెలుగూ చీకటీ కలిసే గీత వెంట చూడండి. చూసింది కాగితం మీద గీసుకోండి.