క్యాను నీళ్ల నుంచి ఇంటి ఫిల్టరుకు



మాది నల్లగొండ జిల్లా. బోరు నీళ్లల్లోని ఫ్లోరైడుతో మా అత్తమ్మల నడుములు వంగిపోయినయి, మా పళ్లు గారపట్టినయి. పిల్లలకన్నా ఆ బాధ రావద్దని మా సంఘంలో 10 ఇండ్లవాళ్లం రోజుకొక 20 లీటర్ల క్యాను కొన్నాం. క్యాను 10 రూపాయలు. నెలకు 300, ఏడాదికి 3,600 పైనే. పొదుపు కట్టడానికి మాత్రం వెతుక్కునేది.

ఒకరోజు క్యాను అడుగున పాచి కనిపించింది. ఇంటి ముందర నల్లాలో మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు వస్తుంటే ఇవి ఎందుకు కొంటున్నం అనుకున్నాం. అయినా భయమే. ముందు నల్లా నీళ్లు పరీక్ష చేయించినం. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపే ఉన్నది. అప్పుడే సంఘంలో అప్పు తీసుకొని, ఇంటికొకటి 2,000 రూపాయల స్టీలు క్యాండిల్ ఫిల్టరు కొన్నాం. క్యాను పైసలే కిస్తీగా కట్టినం. ఏడు నెలలకు వడ్డీతో సహా తీరింది.

అక్కలారా, ఒక్క మాట మరువకండి. క్యాండిల్ మట్టిని, మురికిని ఆపుతది, ఫ్లోరైడును ఆపదు. కాచినా ఫ్లోరైడు పోదు. అందుకని బోరు నీళ్లు అందులో పోసి తాగొద్దు. నల్లా రెండు రోజులు రాకుంటే మేమూ క్యానే తెచ్చుకుంటం, అందులో సిగ్గు లేదు. వారానికొకసారి క్యాండిల్‌ను సబ్బు లేకుండా మెత్తగా రుద్ది కడగాలి. పగులు వస్తే మార్చాలి. వానకాలం నీళ్లు కాచి తాగాలి.

మొదట్లో మా అత్తమ్మలు ఫిల్టరు ముట్టలేదు. ఇప్పుడు వాళ్లే మనుమరాండ్లకు గ్లాసులు నింపి ఇస్తున్నరు. మిగిలిన 300 ఆ పిల్లల పేరున పొదుపు చేస్తున్నం.

సెలవు.