ముక్క పరీక్ష: సంతకం ఎవరిది? సమాచారం ఎవరికి?

(స్త్రీలు, ఆరోగ్య హక్కులు అన్న అంశం మీద జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాలేయ మార్పిడి జరిగిన పిల్లలకి చేసే బయాప్సీ గురించి మాట్లాడతానన్నప్పుడు మనవాళ్లలో కొందరు, "ఇది డాక్టర్ల సదస్సులో మాట్లాడాల్సిన విషయం కదా" అన్నారు. ఆ సందేహం సహజమే. కానీ పిల్లలకి తమ కాలేయంలో భాగం కోసి ఇస్తున్నది ఎవరు, ఆపరేషన్ తర్వాత వార్డు బయట చాప పరుచుకుని నెలల తరబడి ఉంటున్నది ఎవరు, అందుకోసం కూలి పనో ఉద్యోగమో మానుకుంటున్నది ఎవరు అని చూస్తే ఇది మన విషయమేనని అర్థమవుతుంది. జాతీయ అవయవ, కణజాల మార్పిడి సంస్థ లెక్కల ప్రకారం 2019 నుంచి 2023 వరకు మన దేశంలో బతికుండగా అవయవం ఇచ్చినవాళ్లు సుమారు 56,500 మంది. వాళ్లలో దాదాపు 36,000 మంది స్త్రీలు. అదే కాలంలో అవయవం పొందినవాళ్లలో స్త్రీలు పదిమందికి ముగ్గురే. ఇది అన్ని అవయవాలకీ, అన్ని వయసులవాళ్లకీ కలిపిన లెక్క. ఇచ్చే వరసలో మనం ముందున్నాం, పుచ్చుకునే వరసలో వెనకున్నాం.

నేను వైద్యురాలిని కాను, సామాజిక శాస్త్రం చదువుకున్నదాన్ని. ఫలానా పాపకి ఈ పరీక్ష చేయించాలా వద్దా అని చెప్పే అర్హత నాకు లేదు. ఆ పాప తల్లికి ఏ ప్రశ్నలు అడిగే హక్కు ఉందో, ఆ ప్రశ్నలు ఎందుకు ముఖ్యమో మాత్రం చెప్పగలను.

ముందు కొంచెం నేపథ్యం. కాలేయ మార్పిడి చరిత్ర పిల్లలతోనే మొదలైంది. 1963లో అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జ్ల్ అనే సర్జన్ మొదటి ప్రయత్నం చేసింది ఒక మూడేళ్ల బాబుకి. ఆ బాబు ఆపరేషన్ బల్ల మీదే చనిపోయాడు. 1967లో అక్కడే కాలేయం మార్చిన ఒక చిన్న పాప ఏడాదికి పైగా బతికింది. చనిపోయినవాళ్ల నుంచి చిన్న పిల్లలకి సరిపడే కాలేయాలు దొరక్క ఎందరో పిల్లలు ఎదురుచూస్తూనే పోయేవాళ్లు. 1989లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో రస్సెల్ స్ట్రాంగ్ బృందం ఒక జపాన్ తల్లి కాలేయంలో కొంత భాగం తీసి ఆమె కొడుకుకి విజయవంతంగా అమర్చింది. అప్పటినుంచి తల్లీతండ్రీ దాతలయ్యారు. మన దేశంలో పిల్లలకి మొదటి విజయవంతమైన మార్పిడి 1998లో ఢిల్లీలో జరిగింది. అక్కడ దాత తండ్రి. 2024లో మన హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో, అంటే ప్రభుత్వ ఆసుపత్రిలో, మూడేళ్ల పిల్లవాడికి తల్లి కాలేయ భాగంతో మార్పిడి చేశారు. ఈ పిల్లల్లో ఎక్కువమందికి ఉండే జబ్బు బిలియరీ అట్రీషియా. పుట్టిన కొద్ది వారాల్లోనే పైత్యరస నాళాలు మూసుకుపోయి, కామెర్లు తగ్గక, కాలేయం గట్టిపడిపోయే జబ్బు ఇది.

పత్రికల్లో కథ ఇక్కడితో ముగుస్తుంది. తల్లి త్యాగం, బిడ్డ చిరునవ్వు, ఫోటో. ఇంట్లో మాత్రం అసలు కథ అప్పుడే మొదలవుతుంది. జీవితాంతం మందులు, వారం వారం రక్త పరీక్షలు, తర్వాత నెల నెలా. ఏదో ఒకరోజు డాక్టరు గారు, "ఎంజైములు పెరిగాయి, ముక్క తీసి చూడాలి" అంటారు.

మాతో మాట్లాడిన ఒక తల్లికి ఆ మాట వినగానే కాళ్లు చల్లబడ్డాయట. మన ఊళ్లలో ముక్క పరీక్ష అంటే క్యాన్సరే. పాపకి తన కాలేయమే ఇచ్చింది ఆమె. అంటే తన కాలేయంలోనే క్యాన్సర్ ఉందేమో, తనే పాపకి అంటించిందేమో అనుకుంది. ఆమెని కూర్చోబెట్టి ఎవరూ చెప్పలేదు. సంతకం కోసం ఊళ్లో ఉన్న భర్తకి కబురు పెట్టారు. ఆయన వచ్చేలోపు అత్తగారు, "ఆడపిల్లకి ఇంకెన్ని కోతలు, ఇంటికి తీసుకురా" అని ఫోన్ చేసింది. పాపని తీసుకెళ్లిపోయారు. మూడు వారాల తర్వాత కళ్లు పచ్చబడి మళ్లీ వచ్చారు. అప్పుడు చేసిన పరీక్షలో రిజెక్షన్ అని తేలింది. మందులకి లొంగింది కాబట్టి సరిపోయింది. లొంగకపోతే ఆ తల్లి ఇచ్చిన కాలేయం పోయేది, పాప పోయేది, నింద తల్లి మీద పడేది.

ఇంతకీ ఈ పరీక్ష ఎందుకు? రక్త పరీక్ష కాలేయానికి ఇబ్బంది వచ్చిందని చెబుతుంది, ఏ ఇబ్బందో చెప్పలేదు. శరీరం కొత్త కాలేయాన్ని పరాయిదిగా ఎంచి దాడి చేస్తూ ఉండవచ్చు. దీన్నే రిజెక్షన్ అంటారు. పైత్యరస నాళం ఇరుకై ఉండవచ్చు. కాలేయానికి రక్తం తెచ్చే ధమనిలో గడ్డ కట్టి ఉండవచ్చు. వైరస్ సోకి ఉండవచ్చు. వాడుతున్న మందే హాని చేస్తూ ఉండవచ్చు. నాళాన్నీ ధమనినీ స్కానింగుతో చాలావరకు చూడవచ్చు. కొన్ని వైరస్‌లకి రక్త పరీక్షలున్నాయి. రిజెక్షన్‌ని ఖాయంగా తేల్చేది మాత్రం ఇప్పటికీ ఆ ముక్కే.

ఈ తేడా ఎందుకంత ముఖ్యం? చికిత్సలు ఒకదానికొకటి ఎదురు కాబట్టి. రిజెక్షన్ అయితే రోగనిరోధక శక్తిని అణిచే మందులు పెంచాలి, స్టిరాయిడ్లు పెద్ద మోతాదులో ఇవ్వాలి. వైరస్ అయితే అవే మందులు తగ్గించాల్సి రావచ్చు. ఊహ మీద పెంచితే వైరస్ విజృంభిస్తుంది. ఊహ మీద తగ్గిస్తే కాలేయం దెబ్బతింటుంది. కాబట్టి "పరీక్ష వద్దు, మందులివ్వండి చాలు" అనటం పిల్లని కాపాడటం కాకపోవచ్చు. పరీక్ష చేయించకపోవటంలోనూ ప్రమాదముంది. తల్లులకి ఎవరూ చెప్పని సగం ఇదే.

రెండో సగం పరీక్షలోని ప్రమాదం. పిల్లకి మత్తు ఇచ్చి, స్కానింగులో చూస్తూ, చర్మం లోంచి సన్నని సూదిని కాలేయంలోకి పంపి, దారప్పోగు లాంటి ముక్క తీస్తారు. కాలేయంలో సూది ఉండేది ఒక్క క్షణం. 1958లో ఇటలీ వైద్యుడు మెంఘీని ఈ ఒక్క సెకను పద్ధతిని ప్రచురించాక బయాప్సీ బాగా వ్యాప్తిలోకి వచ్చింది. రక్తం సరిగా గడ్డకట్టనివాళ్లకి మెడ దగ్గరి సిర గుండా వెళ్లి తీసే పద్ధతి కూడా ఉంది.

అనుభవమున్న పెద్ద ఆసుపత్రుల నివేదికలు చూస్తే తీవ్రమైన ఇబ్బందులు సాధారణంగా నూటికి ఒకటి రెండుకి మించటం లేదు. లోపల రక్తస్రావం, పైత్యం కారటం, ఇన్ఫెక్షన్, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరటం, పేగుకి గాయం కావటం ఇందులోకి వస్తాయి. మరణం చాలా అరుదు, కానీ అసలే లేదని కాదు. సూది పోటు దగ్గరో కుడి భుజంలోనో నొప్పి మాత్రం తరచుగా ఉంటుంది, మందుతో తగ్గుతుంది.

అయితే 'నూటికి ఒకటి' అన్న అంకె ఆకాశంలోంచి ఊడిపడలేదు. అది కొన్ని ఏర్పాట్ల ఫలితం. పరీక్షకి ముందు ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే తీరు చూడాలి. అవసరమైతే ఎక్కించడానికి రక్తం సిద్ధంగా ఉండాలి. తల్లి ఇచ్చింది కాలేయంలో ఎడమవైపు చిన్న భాగం అయితే అది పిల్ల పొట్టలో మామూలు చోట ఉండదు, మధ్యకి ఉంటుంది, పక్కనే పేగు ఉంటుంది. అందుకని స్కానింగు లేకుండా గుడ్డిగా పొడవకూడదు. పైత్యరస నాళాలు ఉబ్బి ఉంటే ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ, దాని సంగతి ముందు చూడాలి. పరీక్ష తర్వాత కొన్ని గంటలు పిల్లని కదలకుండా పడుకోబెట్టి నాడి, బీపీ మాటిమాటికీ చూడాలి. రక్తస్రావం జరిగితే ఎక్కువగా మొదటి కొన్ని గంటల్లో, దాదాపు ఎప్పుడూ మొదటి 24 గంటల్లో బయటపడుతుంది. రాత్రి ఒక్క సిస్టర్ 40 మంది పిల్లల్ని చూసే వార్డులో ఆ నాడి చూసేది ఎవరు? తల్లే. ఆమెకి ఏం చూడాలో చెప్పారా? పిల్ల పాలిపోవటం, చల్లని చెమటలు, పొట్ట ఉబ్బటం, తగ్గని నొప్పి, చలి జ్వరం, నల్లని విరేచనం. ఇవి కనిపిస్తే వెంటనే పిలవాలి. ఇంటికెళ్లాక కనిపించినా తిరిగి రావాలి. ఈ నాలుగు మాటలు తెలుగులో ఒక కాగితం మీద రాసివ్వటానికి పెద్ద ఖర్చేమీ కాదు.

సురక్షితం అన్నది సూది గుణం కాదు, వ్యవస్థ గుణం అని నేననేది ఇందుకే.

ఇక పరీక్ష ఎంతవరకు పనికొస్తుంది? సూదిలో వచ్చే ముక్క మొత్తం కాలేయంలో సుమారు 50,000వ వంతు. ముక్క మరీ చిన్నదైతే, విరిగిపోతే తీర్పు చెప్పటం కష్టం. ముక్కని చదివే పాథాలజిస్టుకి మార్పిడి కాలేయాలు చూసిన అనుభవం ఉండాలి. 1997 నుంచి బాన్ఫ్ పద్ధతి అనే కొలమానంతో రిజెక్షన్ తీవ్రతని లెక్కగడుతున్నారు. కొలమానం ఉన్నా చదివే కన్ను కావాలి.

పిల్ల బాగానే ఉన్నా కొన్ని కేంద్రాల్లో ఏళ్లకొకసారి ముక్క తీసి చూస్తారు. దీని మీద వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు. సమర్థించేవాళ్లు 2006లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ వైద్యులు ప్రచురించిన ఫలితాలు చూపిస్తారు. పైకి ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కాలేయం లోపల దీర్ఘకాలపు వాపు ఏడాదికి నూటికి 22 మందిలో, ఐదేళ్లకి 43 మందిలో, పదేళ్లకి 64 మందిలో కనిపించింది. పైకి కనబడని నష్టం ఉంటుందన్నమాట. రెండో ఉపయోగం మందులు తగ్గించటం. 2012లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో తల్లి లేక తండ్రి నుంచి కాలేయం పొందిన 20 మంది పిల్లల్లో 12 మందికి మందులు క్రమంగా పూర్తిగా ఆపగలిగారు. వాళ్లని బయాప్సీ చూసి ఎంచుకున్నారు, గట్టి పర్యవేక్షణలో చేశారు. ఇంట్లో మనంతట మనం మందులు మానేయటానికి ఇది ఆధారం కాదు. వ్యతిరేకించేవాళ్లు, ఆరోగ్యంగా ఉన్న పిల్లకి మత్తూ సూదీ అవసరమా, కనిపించిన ప్రతి వాపుకీ చికిత్స ఉందా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జబ్బు చేసినప్పుడు చేసే పరీక్షా, బాగున్నప్పుడు చేసే పరీక్షా ఒకటి కావు. మీది ఏదో తల్లికి స్పష్టంగా చెప్పాలి. అందులో పరిశోధన కూడా ఉంటే అది వేరే కాగితం, వేరే సంతకం.

ఈ మాట మనకి కొత్త కాదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజక్షన్ ప్రయోగం జరుగుతున్నప్పుడు స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు వెళ్లి చూస్తే, అది ప్రయోగమని అక్కడి స్త్రీలకి తెలియనే తెలియదు. మరుసటేడు మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకి వెళ్లాయి. తెలియజెప్పి తీసుకునే అంగీకారం అన్న మాట మన ఉద్యమంలో అలాంటి పోరాటాల్లోంచి వచ్చింది. 2008లో సమీరా కోహ్లీ అనే మహిళ కేసులో సుప్రీంకోర్టు దాన్ని వివరంగా చెప్పింది: చేసేదేమిటి, ఎందుకు, లాభమేమిటి, వేరే మార్గాలేమిటి, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, వద్దంటే ఏమవుతుంది, ఇవన్నీ చెప్పాలి. పరీక్షకిచ్చిన అంగీకారం చికిత్సకిచ్చినట్టు కాదని కూడా అన్నది.

సంతకం సంగతి. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం సహజ సంరక్షకుడు తండ్రి అనీ, 'అతని తర్వాత' తల్లి అనీ రాసింది. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు, తర్వాత అంటే తండ్రి పోయాక అని కాదు, తండ్రి అందుబాటులో లేనప్పుడు, పట్టించుకోనప్పుడు కూడా తల్లి సంరక్షకురాలే అని చెప్పింది. అయినా కాలేయం ఇవ్వటానికి పనికొచ్చిన తల్లి, కాగితం మీద సంతకానికి పనికిరాదన్నట్టు భర్త కోసం కబుర్లు వెళుతూనే ఉన్నాయి. అదే సమయంలో భయంతో సంతకం పెట్టిన తల్లి ఒక్కతే జరిగినదానికంతా బాధ్యురాలు కాకూడదు. మనకి కావాల్సింది సంతకపు బరువు కాదు, తెలుసుకుని నిర్ణయించే అవకాశం.

పిల్లని కూడా మరిచిపోవద్దు. ఎనిమిదేళ్ల పిల్లకి ఏం జరగబోతోందో చెప్తే అర్థమవుతుంది. పద్నాలుగేళ్ల అమ్మాయిని అడగకుండా ఆమె చొక్కా ఎత్తటం వైద్యం పేరిట జరిగినా అవమానమే. ఈ వయసులోనే చాలామంది మందులు మానేస్తారు. గౌరవంగా మాట్లాడితే వినే అవకాశం ఎక్కువ.

మన సంఘాలు చేయగలిగినవి కొన్నున్నాయి. ఆసుపత్రికి వెళ్లే తల్లితో ఒకరు తోడు వెళ్లాలి. ఈ ప్రశ్నలు కలిసి అడగాలి: ఈ పరీక్ష ఏ అనుమానంతో చేస్తున్నారు? ఫలితాన్ని బట్టి మందు మారుతుందా? స్కానింగుతో చూస్తూ చేస్తారా, ఎవరు చేస్తారు? మత్తు ఎవరిస్తారు? రాత్రికి ఉంచుకుంటారా? ముక్కని ఎవరు చదువుతారు, ఎన్నాళ్లకి చెబుతారు? చేయించకపోతే ఏమవుతుంది? ప్రభుత్వ పథకంలో ఈ పరీక్ష, ఆ రాత్రి మంచం ఖర్చు కలుస్తాయా?

ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఉంది. అంగీకార పత్రాలు తెలుగులో, ఉర్దూలో ఉండాలి. చదవలేనివాళ్లకి చదివి వినిపించే మనిషి ఉండాలి. మార్పిడి తర్వాత మానేసిన పిల్లల్లో ఆడపిల్లలెందరో, మగపిల్లలెందరో ఆసుపత్రులు విడిగా లెక్క రాయాలి. దాతగా కాలేయం ఇచ్చిన తల్లి ఆరోగ్యాన్ని కూడా ఏళ్ల తరబడి చూడాలి. ఆపరేషన్ల సంఖ్య ప్రకటించటం తేలిక. ఆ పిల్లలు ఐదేళ్ల తర్వాత ఎలా ఉన్నారో చెప్పమని అడగటం మన పని.

బయాప్సీ మనకి శత్రువు కాదు, దేవుడూ కాదు. అది ఒక సాధనం. దాని గురించి తెలిసిన తల్లి అనవసరమైనప్పుడు ఎందుకని అడగగలదు, అవసరమైనప్పుడు ఇంటిల్లిపాదీ వద్దన్నా చేయించగలదు. ఆ రెండు శక్తులూ ఆమెకి కావాలి.