రెండు పొయ్యిల బండి ఎవరికి? ఒక్క పొయ్యి బండి ఎవరికి?



వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే వేళ ఈ కార్ల గొడవేమిటమ్మా అనుకుంటున్నారా? కారు కొనడం మగవాళ్ల వ్యవహారమని అనేస్తాం గాని, నెలనెలా దాని వాయిదా కోసం ఇంటి ఖర్చులో కోత పెట్టుకునేది మనమే కదా! అందుకని ఈవేళ ఆ సంగతే మాట్లాడుకుందాం.

మా అత్తవారి ఊరు సిద్దిపేట జిల్లా ఎర్రవల్లి. కొండపోచమ్మ సాగర్‌కు దగ్గరి పల్లె. హైదరాబాదులో మా ఇంటి నుంచి శామీర్‌పేట, వంటిమామిడి మీదుగా 60 కిలోమీటర్లు. అత్తమ్మ అక్కడే ఉంటుంది. డెబ్బై దాటిన మనిషి, పైగా గుండెజబ్బు. పట్నం రమ్మంటే రాదు. అందుకని ఆదివారం ఆదివారం మేమూ, మా తోడికోడలు వాళ్లూ కలిసి ఏడుగురం బయలుదేరతాం. వచ్చేటప్పుడు బియ్యం బస్తా, కూరగాయల సంచీ సరేసరి.

పాత డీజిలు బండి అరిగిపోయింది. కొత్తది కొనాలి. మావారు ప్లగ్-ఇన్ హైబ్రిడ్ బాగుంటుందన్నారు. కాలేజీలో చదివే మా అబ్బాయి పూర్తి కరెంటు బండే కావాలన్నాడు. వారం రోజులు ఇంట్లో ఇదే వాదన.

ఈ రెండింటికీ తేడా ఏమిటంటారా? వంటింటి భాషలో చెబుతాను. కరెంటు బండిది ఒకే పొయ్యి. పెద్ద బ్యాటరీ, మోటారు, అంతే. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ది రెండు పొయ్యిల వంటిల్లు. చిన్న బ్యాటరీ ఉంటుంది, దాన్ని గోడ ప్లగ్గులో పెట్టి నింపుకోవాలి. అది అయిపోతే పెట్రోలు ఇంజను అందుకుంటుంది. ఈ సంగతి ఎర్రవల్లిలో చెబితే అత్తమ్మ నవ్వి, "రెండు పొయ్యిలు పెట్టుకుంటే రెండిటినీ సూసుకోవాలె గద బిడ్డా! కట్టెలూ తేవాలె, సిలిండరూ తేవాలె" అంది. నిజమే. బ్యాటరీ కనిపెట్టుకోవాలి, ఇంజనుకు ఆయిలూ మార్చాలి.

అయితే రెండు పొయ్యిలు అందరికీ దండగ అనను. అమెరికాలో డాలస్‌లో ఉన్న మా ఆడపడుచుకు క్రైస్లర్ పసిఫికా హైబ్రిడ్ ఉంది. ఏడుగురు కూర్చునే బండి. బ్యాటరీ 16 యూనిట్లది, కరెంటు మీద 50 కిలోమీటర్ల దాకా వస్తుంది. సొంత ఇల్లు, సొంత ప్లగ్గు. రోజూ బడీ బజారూ ఆ 50 లోపే. సెలవుల్లో వందల మైళ్లు వెళ్తే పెట్రోలు ఉండనే ఉంది. ఆమెకు అది సరిపోయింది.

కాని ప్లగ్గులో పెట్టే ఓపిక లేకపోతే ఆ బ్యాటరీ ఉత్త బరువే. యూరప్‌లో ఇలాంటి బళ్లు కాగితాల మీద చెప్పినదానికి సగటున మూడున్నర రెట్లు బొగ్గుపులుసు వాయువు వదులుతున్నాయని 2024లో యూరోపియన్ కమిషన్ తేల్చింది. అనుకున్నంతగా చార్జింగు చేయకపోవడమే అందుకు ముఖ్య కారణమట.

మన దేశంలో మరో చిక్కు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు ఇంతవరకు ఎక్కువగా ఖరీదైన విదేశీ బళ్లలోనే వచ్చాయి. షాపులో హైబ్రిడ్ అని చూపించేది చాలావరకు ప్లగ్గు లేనిది. 2022 చివర వచ్చిన ఇన్నోవా హైక్రాస్ అలాంటిదే. దానికి పెట్రోలే ఆధారం. కనుక హైబ్రిడ్ అనగానే తలూపకండి. "ప్లగ్గు పెట్టే చోటు చూపించండి" అని అడగండి.

ఇక మా లెక్క. నేను నెల రోజులు పద్దుల పుస్తకంలో పాలు, కూరగాయల పక్కనే కిలోమీటర్లు కూడా రాశాను. ఎర్రవల్లి రానూపోనూ 120. మిగతా రోజులు 30 దాటలేదు. 2025 జూలైలో వచ్చిన కియా కారెన్స్ క్లావిస్ కరెంటు బండి పెద్ద బ్యాటరీతో 490 కిలోమీటర్లు వస్తుందని కంపెనీ మాట. ఏసీ, ఏడుగురి బరువు, ఎండాకాలం తీసేసి నేను 300 అనే వేసుకున్నాను. అయినా 120కి ఢోకా లేదు. యూనిట్‌కు 6 కిలోమీటర్ల చొప్పున 20 యూనిట్లు. యూనిట్ 10 రూపాయలనుకున్నా 200. అదే పెట్రోలు మీదైతే 10 లీటర్లు, వెయ్యి దాటుతుంది.

మామూలు 16 ఆంపియర్ల ప్లగ్గులో గంటకు 3 యూనిట్ల దాకా ఎక్కుతాయి. ఎర్రవల్లిలో భోంచేసి కబుర్లాడే నాలుగు గంటల్లో 12 యూనిట్లు, అంటే తిరుగు ప్రయాణం అక్కడే గిట్టిపోతుంది. అప్పుడు మావారే అన్నారు, "రెండు చోట్లా ప్లగ్గు ఉంటే ఇక పెట్రోలు పొయ్యి ఎందుకు?" అని. రెండు చోట్లా ప్లగ్గు లేకపోతే బ్యాటరీ ఎందుకు అని నేనన్నాను. అసలు సంగతి అంతా ఇందులోనే ఉంది.

పన్నుల మాట కూడా చూడండి. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు కరెంటు బళ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము తీసేసింది. హైబ్రిడ్లకు ఆ రాయితీ లేదు. జీఎస్‌టీ కూడా 2025 సెప్టెంబరు 22 నాటి మార్పుల్లో కరెంటు బండికి 5 శాతమే నిలిచింది, పెద్ద హైబ్రిడ్లకు 40 శాతం.

ఇన్ని చెప్పినా అత్తమ్మ ఒక్క మాట అడిగింది. "అర్ధరాత్రి నాకు పానం బాగలేకుంటే నీ కరెంటు బండి కదుల్తదా?" నా గుండె గుభేలుమంది. ఆ మాటకు జవాబు లేకుండా బండి కొనకూడదనుకున్నాం. ఒక నియమం పెట్టుకున్నాం. బ్యాటరీ సగానికి తగ్గి బండి ఎప్పుడూ పడుకోకూడదు. సగమంటే 150 కిలోమీటర్లు, ఎర్రవల్లి వెళ్లి రావడానికి చాలు. ఇక ప్రాణం మీదికి వస్తే ముందు 108కి ఫోన్ చేయమని పక్కింటి వాళ్లకు నేర్పాం. ఏ బండి అయినా 60 కిలోమీటర్లు రావడానికి గంట పైనే పడుతుంది కదా!

కొనేముందు మరో పని. ప్లగ్గుకు విడి వైరు, మంచి ఎర్తు, ఎంసీబీ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ పెట్టె వద్దే వద్దు. మీటరు లోడు చాలకపోతే ముందే పెంచుకోవాలి. అపార్టుమెంటు వాళ్లకు 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం బండి చార్జింగుకు విడిగా కనెక్షను అడిగే హక్కుంది.

మేము చివరికి కరెంటు బండికే మొగ్గాం. కాని మా చెల్లెలు అద్దె ఇంట్లో ఉంటుంది, బండి వీధిలో పెడుతుంది. దానికి మాత్రం, "ప్లగ్గు దొరికేదాకా ఈ రెండూ వద్దు, ఉన్న బండే నడుపుకో" అని చెప్పాను.

కనుక అమ్మలారా, ఏ బండి మంచిదని పొరుగింటిని అడగకండి. మీ పద్దుల పుస్తకాన్ని అడగండి, మీ గోడనున్న ప్లగ్గును అడగండి. ఏడాదికొక్కసారి తిరుపతి వెళ్లే లెక్కతో రోజూ నడిచే బండి కొనకండి. ఆ ఒక్కసారికి రైలుంది.



(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)